బీడు పెట్టిన ఆట

ఆ ఆట పేరు ఇక్కడ రాయను. రాస్తే నా వకీలు ఊరుకోదు, వ్యవహారం ఇంకా తేలలేదు. ఆటను అమ్మిన కంపెనీ పేరూ రాయను. అక్కడ నా పైన కూర్చున్న మనిషి పేరైతే అసలే రాయను. మర్యాదకు కాదు, ఆ పేరు నా చేత్తో దిద్దడం ఇష్టం లేక. అతణ్ణి పెద్దమనిషి అంటాను. ఎంత పెద్దమనిషో పోను పోను మీకే తెలుస్తుంది.

సీమవాళ్ళ పగ అనగానే బయటి జనానికి కొడవళ్ళూ నాటుబాంబులూ గుర్తొస్తాయి. మా ఇంట్లో ఉల్లిగడ్డలు కోసే కత్తికి కూడా పదును లేదు. నా పగ ఇంకో రకం. ఒక వీడియో గేమ్ చచ్చే ఉండాలని, మళ్ళీ లేవకూడదని కొన్నేళ్ళపాటు పొద్దున లేవగానే కోరుకున్నాను. ఆ ఆటను తయారుచేసిన చేతుల్లో నావీ రెండు ఉన్నాయి. ఇదేం పిచ్చి అనిపిస్తే కాస్త ఓపిక పట్టండి, మొదటి నుంచీ చెబుతాను.

మాది నల్లమాడ దాటి గుట్టల వైపు పోయే దారిలో ఒక ఊరు. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఎర్రమన్ను. మాకు గుట్ట కింద ఒక చేను ఉంది. రాళ్ళనేల, మంచి ఏడాదిలో కూడా వేసిన విత్తనం తిరిగిస్తే గొప్ప. పక్కచేను మా నాయనకు వరసకు అన్న అయ్యే దాయాదిది. నా చిన్నప్పుడు ఒక ఏడు మేము ఆ చేను బీడు పెట్టాం. మరుసటి ఏటికి ఆయన గట్టు మా వైపు జరిగింది. ఇదేమిటన్నా అని నాయన అడిగితే, "బీడేగదప్పా, దాంట్లో ఎవురు చేస్తాండారు?" అన్నాడట.

అప్పటి నుంచి నాయన, విత్తినా విత్తకపోయినా, ఏటా ఆ చేనుకు పోయి గట్టు వెంబడి నాగలితో ఒక్క సాలు దున్ని వస్తాడు. గింజ వేయడు, ఎరువు తోలడు. దావన పోయేవాళ్ళు చూసేలా ఒక సాలు, అంతే. మా వైపు మెట్టచేలు ఉన్నవాళ్ళు చాలామంది చేసే పనే అది. "సాలు కనపడితే సేద్యం ఉండాదనే లెక్క," అంటాడు. పంట లేని సేద్యం చిన్నప్పుడు నాకు భలే తమాషాగా ఉండేది. తరువాత అదే నాకు కావలసిన చదువైంది.

అనంతపురంలో ఇంజనీరింగు చదివి, కదిరిలో బస్సెక్కి బెంగుళూరు పోయి ఆ కంపెనీలో చేరాను. పెద్దాఫీసు విదేశంలో, చిన్నాఫీసు ఇక్కడ. వాళ్ళు అమ్మేది ఒక ఆట కాదు, ఆటల వంశాలు. ఒక ఆట ఆడిందంటే దానికి రెండోది, మూడోది పుట్టిస్తారు. అదే పేరు, అదే లోకం, కొత్త బొమ్మలు. సిరీస్ అంటారు. ఫుట్‌బాల్ సిరీస్ కదిరి తేరులాగా ఏటా తప్పకుండా వచ్చేది. తుపాకులది ఒకటి, కార్ల పందేలది ఒకటి, దయ్యాల బంగళా ఒకటి. రంగురాళ్ళు మూడు వరసగా చేరిస్తే పేలిపోయేది ఇంకొకటి, బస్సులో మీ పక్కన కూర్చున్నావిడ ఆడుతూ ఉంటుంది చూడండి, అలాంటిది. అన్నిటికన్నా వెనక మూల, సేద్యం ఆట.

ఏటా ఒక మీటింగు పెట్టేవాళ్ళు. గోడ మీద పెద్ద తెర, తెర మీద సిరీస్‌ల పేర్లన్నీ. కొత్త భాగం వస్తూ ఉన్నవాటికి పచ్చ రంగు. రానివాటికి పసుపు, దాని కింద 'విశ్రాంతిలో ఉంది' అని ముద్దుముద్దుగా ఒక మాట. ఎరుపు ఎక్కడా లేదు. కార్ల పందేల సిరీస్ చేసినవాళ్ళను నేను చేరకముందే ఇంటికి పంపేశారు, అయినా అది పసుపే. చచ్చిపోయినవాటికి రంగు ఏదని నేను పెద్దమనిషిని అడిగాను.

"మనం దేన్నీ సంపం పాపా," అన్నాడు. "నిద్రబుచ్చుతాం, అంతే."

అతడిది గుమ్మఘట్ట తట్టు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. పొలాలున్న కుటుంబం. మన జిల్లా మనిషి పైన ఉన్నాడంటే పరాయి ఊళ్ళో ఎంత ధైర్యమో, బెంగుళూరులో ఒంటరిగా ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. నేను అన్నా అనేదాన్ని. అతడు పండక్కి ఇంటి నుంచి తెచ్చిన ఓళిగలు నా టేబుల్ మీద పెట్టేవాడు. నమ్మకం పుట్టడానికి అంతకన్నా ఏం కావాలి.

పచ్చ, పసుపుల మర్మం మెల్లగా బోధపడింది. కార్ల ఆట తాము చేయరు. చేస్తామని ఇంకొకరు వచ్చి పేరు అడిగితే ఇవ్వరు. తాను తినడు, ఒకరిని తిననివ్వడు అంటారే, అదే వరస. పైగా మధ్యమధ్యలో దాని పేరు వేసి ఒక టోపీనో, ఒక టీషర్టునో అమ్మేవాళ్ళు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. దయ్యాల బంగళాకు కొత్త సున్నం కొట్టి పాత ఆటనే మళ్ళీ అమ్మారు, కాబట్టి పచ్చ. రంగురాళ్ళ ఆటకు ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ, దానికి చావే లేదు.

సేద్యం ఆట మొదటి భాగాలన్నీ పచ్చికబయళ్ళు, కొవ్విన ఆవులు, అడిగినప్పుడల్లా కురిసే వాన. ఆడేవాళ్ళకు విసుగు పుట్టి, అది పసుపులోకి జారబోతూ ఉంటే, చివరి అవకాశంగా బెంగుళూరు ఆఫీసుకు ఇచ్చారు. కరువునేల పెడదామన్నాను. మబ్బు వస్తుంది. విత్తాలా, ఆగాలా ఆడేవాడే తేల్చుకోవాలి. విత్తాక వాన ముఖం చాటేయవచ్చు. అప్పుడు పశువుల్ని అమ్ముకుంటావా, బోరు వేసి ఉన్నది పోగొట్టుకుంటావా, వలస పోతావా, అదీ నీ ఇష్టమే.

పెద్దమనిషి నవ్వాడు. "ఓడిపోయే ఆట ఎవుడు ఆడతాడమ్మా?"

ఆడారు. వాన ఎప్పుడూ ఎడతెగని దేశాలవాళ్ళు కూడా కూర్చుని మా ఎండిన మబ్బుల కోసం ఎదురుచూశారు. ఫుట్‌బాల్ ఆడినంత మంది కాదు గానీ, పట్టుకున్నవాళ్ళు వదల్లేదు. వాళ్ళు అంతగా పట్టుకోవడానికి సగం కారణం మా అవ్వ.

మా ఊళ్ళో వాన రాకపోతే రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. దానితోబాటు ఇంకో అలవాటు ఉంది. ముసలమ్మలు చేనిగట్టు మీద నిలబడి వానదేవుణ్ణి తిడతారు. మొక్కడం కాదు, నిజంగా తిట్టడమే, కల్లంలో కూలికి ఎగనామం పెట్టినవాణ్ణి తిట్టినట్టు. ఆ విద్యలో మా అవ్వకు ఎదురు లేదు. ఆటలో ఆ తిట్టు ఉండాలని పట్టుబట్టి, నాయననూ అవ్వనూ బస్సులో బెంగుళూరు రప్పించాను.

రికార్డింగు గదిలో చల్లదనానికి అవ్వ కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. ముందు మైకు వంక అనుమానంగా చూసింది. ఆమెకు యంత్రాలతో మాట్లాడటం రాదు. ఇంటికి ఫోన్ చేసి అవ్వకివ్వమంటే, కాలే పెనం పట్టుకున్నట్టు పట్టుకుని, పలక్కుండా నాయన చేతికే ఇచ్చేసేది. ఫోటోలకు మాత్రం ముఖం కడుక్కుని వచ్చి నిలబడేది. "వానదేవుడు పైన ఉండాడనుకో అవ్వా," అన్నాను. ఆమె గది పైకప్పు వంక చూసింది. అంతే.

"ఏమప్పా వానదేవుడా, యాడ పండుకోనుండావు? గింజలు మన్నులో ఏసి మోరలెత్తి కూర్చోనుండాం. పోయినేడూ ఇట్లే చేస్తివి. గుట్టెనక దాంకుంటావే, నీకు సిగ్గుండాదా? అడుక్కుంటాండామనుకున్నావా? మాది మాకియ్యి!"

అద్దానికి అవతల రికార్డింగు చేసే కుర్రాడిది వేరే రాష్ట్రం, ఒక్క ముక్క తెలియదు, అయినా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. పెద్దమనిషి మాత్రం బాగా అర్థమై పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే మళ్ళీ మళ్ళీ అనిపించాడు. అవ్వ అలసిపోయింది. అయిపోయిందని చెప్పేలోగా, అద్దంలోంచి బయట కూర్చున్న నాయన కనపడ్డాడు ఆమెకు. ఇంట్లో పొద్దు వాలేవేళ గడపలో నిలబడి చేని వైపు పిలిచినట్టే, గొంతెత్తి పిలిచేసింది.

"ఒరే నాయనా! సంగటి సల్లారిపోతాంది. బిన్నా రారా!"

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ పిలుపును ఆటలో సాయంత్రానికి పెట్టాం. పొద్దు గుంకుతుంటే ఆ కేక వినపడుతుంది, ఆడేవాడు చేతిలో పని వదిలి ఇంటికి పోవాలి. ఏ దేశంవాడికీ ఆ మాటల అర్థం తెలియదు, కానీ అందరూ పోయేవాళ్ళు. ఆ ముసలామె ఏమంటోంది అని ఆటగాళ్ళు ఉత్తరాలు రాసేవాళ్ళు. చెప్పగానే, మా అమ్మా అలాగే పిలిచేదని ఇంకో ఉత్తరం.

ఆ రోజే పెద్దమనిషిని అడిగాను, రికార్డింగు నాకొక కాపీ ఇమ్మని.

"ఇస్తాలేమ్మా, యాడికి పోతాది? మన ఆఫీసులోనేగదా ఉండేది," అన్నాడు. మన తట్టు మనిషి కదా, నేనూ తొందరపడలేదు.

తరువాతి మీటింగులో గోడ మీద మా ఆట పేరు పసుపులో ఉంది. పెద్దమనిషి పక్కనే నిలబడి ఇంగ్లీషులో విశ్రాంతి గురించి మాట్లాడుతున్నాడు. పైవాళ్ళకు ఆ సలహా ఇచ్చింది అతడేనని, బదులుగా ఫుట్‌బాల్ సిరీస్ కుర్చీ దొరికిందని సాయంత్రానికల్లా తెలిసింది. ఆట బాగానే ఆడుతోంది కదన్నా అంటే నీళ్ళు నమిలాడు. "అదును బాలేదమ్మా. టైమొచ్చినప్పుడు లేపుదాం." అదును అనే మాట నాకు చెప్పాడు, అదును గురించే ఆట చేసినదానికి! మా గుంపు మొత్తాన్నీ ఆ నెలలోనే ఇంటికి పంపేశారు. కంప్యూటర్లకు పొద్దున్నే తాళం పడింది, నా సామాను అట్టపెట్టెలో పెట్టి గుమ్మం దగ్గర ఇచ్చారు.

కొన్నాళ్ళకు ఆట కూడా ఆగిపోయింది. ఈ కాలపు ఆటలు కొన్నవాడి దగ్గర ఉండవు, కంపెనీ యంత్రాల్లో ఉంటాయి. ఆడినంతసేపూ ఇంటర్నెట్టు మీదుగా అక్కడికి దారి తెరిచి ఉండాలి. అక్కడ తాళం వేస్తే లోకమంతటికీ తాళమే. దుడ్లు పెట్టి కొన్నవాళ్ళకు కూడా మా ఎర్రచేలు నల్లతెరలయ్యాయి.

ఆ చలికాలంలోనే అవ్వ పోయింది. మట్టి పని అయిపోయాక నాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "మీ ఆటలో అవ్వ మాట్లాడింది గదా పాపా. దినం నాడు అందరూ వస్తారు. ఒక్కసారి వినిపీ," అన్నాడు.

వినిపిస్తానన్నాను. పెద్దమనిషికి మెయిలు పెట్టాను, ఫోన్ చేశాను, అతడి ఫోన్ ఎత్తే అమ్మాయికి చేశాను. దినానికి ముందు రోజు ఎత్తాడు.

"సారీ అమ్మా. అది కంపెనీ ఆస్తి, రూల్సు ఒప్పుకోవు. ఫోటోలుండాయి గదా?"

ఫోటోలుండాయి గదా. ఆ మాట నాకు ఇవాళ్టికీ అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది. దినం నాడు విస్తళ్ళు లేచేదాకా నాయన నా చేతిలోని ఫోన్ వంకే చూశాడు. నేను తల వంచుకుని వడ్డిస్తూ పోయాను. ఎవరినైనా చెప్పుతో కొట్టాలని జీవితంలో మొదటిసారి ఆ రోజే అనిపించింది. ఆ కోరిక తగ్గుతుందని పెద్దలు చెప్పారు. తగ్గలేదు, కుదురుకుంది.

కదిరిలో ఒక బట్టల అంగడి పైన గది బాడుగకు తీసుకుని, నాలాగే పని పోయిన ఒక స్నేహితురాలితో కలిసి చిన్నచిన్న ఫోన్ ఆటలు చేయడం మొదలుపెట్టాను. కింద సేటు చీరల బేరం, పైన మేము. ఇల్లు గడిచేది. పని కాగానే నేను చేసే రెండో పని, ఆ కంపెనీ సిరీస్‌లలో ఏది బతికుందో, ఏది పడుకుందో చూడటం. దీని కోసమే ఇంటర్నెట్టులో జనం గుమిగూడే చోట్లు ఉన్నాయి. అక్కడి పట్టీల్లోనూ అదే లెక్క, నడిచేవాటికి పచ్చ, పడుకున్నవాటికి పసుపు. కార్ల ఆట లేస్తుందట, దయ్యాల బంగళాను వేరేవాళ్ళకు అమ్మేస్తారట అని రోజుకొక పుకారు. మా ఆట కోసం ఏడ్చేవాళ్ళు ఒక మూల. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, ఆట బతికున్నప్పుడు వంకలు పెట్టినవాళ్ళే ఇప్పుడు అంతటి ఆట లేదనేవాళ్ళు. దేవుడా, దాన్ని లేపు అని రాసేవాళ్ళు. వాళ్ళతోబాటు నేనూ ఏడ్చాను, మొదట్లో.

ఒకరోజు నా కాలేజీ స్నేహితురాలు, బెంగుళూరులో వకీలుగా ఉన్నది, పని మీద కదిరి వచ్చి మా గదికి వచ్చింది. మాటల మధ్యలో ట్రేడ్‌మార్క్ సంగతి చెప్పింది. పేరును రిజిస్టరు చేసుకున్న కంపెనీ దాన్ని కొన్నేళ్ళపాటు వాడకుండా ఊరికే పెట్టుకుంటే, ఆ పేరు కావలసిన ఇంకొకరు పోయి, వీళ్ళ పేరు కొట్టేయండని అడగవచ్చట. అందుకే కంపెనీలు పడుకున్న సిరీస్ పేరు మీద కూడా అప్పుడప్పుడు ఏదో ఒకటి అమ్ముతూ ఉంటాయట.

టోపీలు, టీషర్టులు! నాకు నవ్వాగలేదు. అది సాలు. గుట్ట కింద చేనులో మా నాయన దున్నే సాలు. అంత పెద్ద కంపెనీ, అద్దాల మేడ, చేసేది మాత్రం మా పనే. మా ఆట పేరు మీద టోపీ కూడా అమ్మలేదు వాళ్ళు. అంత చులకన దానిమీద. ఒట్టి బీడు.

ఆ రోజు నుంచి నా కోరిక తిరగబడింది. లోకమంతా ఆట లేవాలని మొక్కుతుంటే నేను ఒక్కదాన్ని అది లేవకూడదని మొక్కాను. పొద్దున్నే ఫోన్ తెరిచి, దాని పేరు ఇంకా పసుపులోనే ఉందని చూసుకుని, అప్పుడు కాఫీ తాగేదాన్ని. పక్కవాడి చేను బీడు పడాలని చూసే దాయాదికీ నాకూ తేడా లేదు. ఉందని అబద్ధం చెప్పను. పేరు దొరికినంత మాత్రాన అవ్వ గొంతు దొరకదు, ఆ సంగతీ తెలుసు. కానీ పేరు పోతుందంటే పెద్దమనిషి కుర్చీ కింద నిప్పు పడుతుంది. ఆ సలహా అతడిది, ఆ నిద్ర అతడిది. ఆ వేడికైనా తాళం తీస్తాడని ఆశ.

గడువు నిండింది. మా చిన్న కంపెనీ తరఫున, అదే పేరుతో ఆట తేదలచుకున్నామని వకీలు దరఖాస్తు వేసింది. అదే రోజు పెద్దమనిషికి మెయిలు రాశాను. దీర్ఘాలు లేవు, దండాలు లేవు. మా అవ్వ గొంతు నాకు ఇవ్వండి, దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను, పేరు మీకే వదిలేస్తాను, అంతే. చదివినట్టు గుర్తు కనపడింది. జవాబు లేదు. నాయనకు చెప్తే, "ఇచ్చే మనిసైతే దినంనాడే ఇచ్చేటోడు," అన్నాడు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక ఉదయం ఫోన్ తెరిచేసరికి జనం గంతులు వేస్తున్నారు. మా ఆట లేచింది! పసుపు పోయి పచ్చ వచ్చింది. పాత పేరుతో కొత్త ఆట, ఫోన్‌లో, ఉచితంగా. ఏడుపులు, దండాలు, మొక్కులు తీర్చుకుంటామనే మాటలు. ఇల్లలకగానే పండగైనట్టే ఉంది వాళ్ళ సంబరం. నేను మాత్రం, ఇన్నేళ్ళు కాపు కాసింది బూడిదలో పోసిన పన్నీరేనా అనుకున్నాను.

ఆ రోజు నాయన గుట్ట కింద చేనుకు పోయాడు, ఏటా దున్నే సాలు కోసం. ఒక్క సాలుకు ట్రాక్టరెందుకని ఎద్దుల జతను అడిగి తెచ్చుకుంటాడు. నేను ఊళ్ళోనే ఉన్నాను, సంగటి ముంత, శెనక్కాయల చట్నీ తీసుకుని వెనకే పోయాను. గట్టు మీద కానుగ నీడలో కూర్చుని, ఆ ఆటను ఫోన్‌లోకి దించాను.

ఏముంది దాంట్లో? మా పాత బొమ్మలే, రంగులు వెలిసిపోయి. అదును లేదు, మబ్బు లేదు. వేలితో తడితే గింజ పడుతుంది, తడితే మొలుస్తుంది, తడితే బంగారు నాణేలు రాలతాయి. తట్టిన ప్రతిసారీ ఒక ప్రకటన. నెలల పని కాదు, ఎవరో ఇద్దరు కుర్రాళ్ళకు చెప్పి వారాల్లో అతికించింది. ఎదురుగా నాయన గట్టు వెంబడి మేడి పట్టుకుని పోతున్నాడు, వెనక సన్నగా ఒక సాలు తెరుచుకుంటోంది. తల ఎత్తి అది చూశాను, తల దించి ఇది చూశాను. గుమ్మఘట్ట మనిషి! ఎవరూ నేర్పనక్కర్లేదు. దావన పోయేవాళ్ళు చూసేలా ఒక సాలు దున్నేశాడు. గింజ లేదు, ఎరువు లేదు. పచ్చ రంగు ఒకటి వచ్చింది. లోకమంతా దాన్ని పంట అనుకుంటోంది.

కోపంతో ఫోన్ గుట్ట మీదికి విసరబోయాను. విసరలేదు, ఎందుకంటే వకీలుకు చూపించాలి కదా, ప్రతి తెరా ఫోటో తీసుకోవాలి. పళ్ళు కొరుకుతూ తడుతూ పోయాను. ప్రకటన, నాణేలు, ప్రకటన, నాణేలు. ఫోన్‌లో పొద్దు వాలింది. తెర ఎర్రబడింది.

"ఒరే నాయనా! సంగటి సల్లారిపోతాంది. బిన్నా రారా!"

ఎడారిలాంటి ఆ చేనులో, పట్టపగలు, అవ్వ గొంతు. హడావుడిలో పాత శబ్దాలు మార్చలేదు వాళ్ళు. మార్చాలన్న ధ్యాస కూడా ఉండి ఉండదు. తాళం వేసి ఉంచినదాన్ని, సాలు దున్నడానికి తాళం తీసి, అలాగే ఆరుబయట వదిలేశాడు పెద్దమనిషి.

"వస్తాండానమ్మా!"

అది నాయన. మేడి వదిలేసి, కండువాతో మొహం తుడుచుకుంటూ, ఇటు తిరిగి నడుస్తున్నాడు. ఆలోచించి అన్న మాట కాదు, తెలియకుండానే వచ్చేసింది. నాలుగడుగులు వేశాక ఆగిపోయాడు. గట్టు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఇద్దరి మధ్యా అవ్వ లేదు. ఆయన ముఖం అప్పుడు ఎలా ఉందో నేను రాయలేను. వెనక ఎద్దులు వాటి దారిన అవి పోయాయి, సాలు అక్కడ వంకర తిరిగి చేని మధ్యలోకి వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంది, నాయన సరిచేయలేదు.

నాయన జేబులోని ఫోన్ అడిగి తీసుకుని, నా ఫోన్ పక్కన పెట్టి, పొద్దు మళ్ళీ వాలేదాకా ఆడి రికార్డు చేశాను. తిట్టు కూడా దొరికింది, మాది మాకియ్యి అనేదాకా. నాయన మన్నులోనే కూర్చుని విన్నాడు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే, దినం నాడు వినవలసినది ఇన్నేళ్ళ తరువాత బంగారు నాణేల మధ్యలో ఏరుకోవలసి వచ్చిందని ఒళ్ళు మండిపోయింది. దొరికితే పగ చల్లారుతుందనుకున్నాను. ఆ గొంతు విన్నాక ఇంకా రగిలింది, ఏం దాచిపెట్టాడో అప్పుడే తెలిసింది కనుక.

వకీలుకు ఫోన్ చేశాను. దరఖాస్తు పడ్డాక, పేరు కాపాడుకోవడానికే చేసిన పని నిజమైన వాడకం కాదని వాదిస్తానంది. కుతూహలంగా వింటున్న నాయనకు ఆ మాటలు చెప్పాను. ఆయన మెల్లగా ముంత మూత తీశాడు.

"దొరికింది గదా పాపా. ఇంగ ఎత్తేస్తావా కేసు?"

"గొంతు ఇస్తే ఎత్తేస్తానని రాసినా నాయనా. ఆయప్ప ఇయ్యలేదు. నేను తీసుకుంటి. పేరు గూడా తీసుకుంటా."

ఆయన వంకర సాలు వంక, దాని అవతల దాయాది గట్టు వంక చూశాడు. తన సాలూ అలాంటిదే కదా అనుకున్నాడేమో, నేను అడగలేదు. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండా నా వైపు తిరిగాడు.

"ఇడ్సొద్దు," అన్నాడు. "ముందు ఇంగొకసారి పెట్టు."

పెట్టాను. అవ్వ పిలిచింది. నాయన తినడం మొదలుపెట్టాడు.